పారాథైరాయిడ్‌ను చూపించే కెమెరా లేని చోట థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకోవచ్చా?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగిన విషయం ఇది. వాళ్ల అమ్మగారికి 48 ఏళ్లు. థైరాయిడ్ రెండు వైపులా గడ్డలు కట్టి మెడ ముందుకు పెరిగింది. ముద్ద దిగేటప్పుడు అడ్డం పడుతోంది, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోంది. నెల్లూరులో చూపిస్తే థైరాయిడ్ మొత్తం తీసేయాలని చెప్పి తేదీ కూడా ఇచ్చారు. ఈలోపు చెన్నైలో ఉండే బంధువు ఒకాయన, "పారాథైరాయిడ్‌ను లైటు వేసి చూపించే కెమెరాలు వచ్చాయి, అవి లేని చోట చేయిస్తే కాల్షియం పడిపోయి జన్మంతా మాత్రలు మింగాలి" అన్నారట. దాంతో ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఆపరేషన్ వాయిదా వేసుకుని కెమెరా ఉన్న ఆస్పత్రి వెతుక్కోవాలా అని అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. కెమెరా ఒక్కదాని కోసమే అయితే వాయిదా వేయకండి. మీ సర్జన్ ఏడాదికి ఎన్ని థైరాయిడ్లు చేస్తారు, ఆపరేషన్ అయ్యాక కాల్షియంను ఎలా కనిపెట్టుకుని ఉంటారు అనే రెండు సంగతులు తెలుసుకోండి. ఆ రెండూ బాగుంటే నెల్లూరులోనే చేయించండి. బాగోలేదనిపిస్తే, అక్కడ కెమెరా ఉన్నా సరే వేరే చోటు చూసుకోండి.

నేను నెల్లూరులో 20 ఏళ్లకు పైగా మెడ ఆపరేషన్లు చేస్తున్నాను. చాలా ఏళ్లు ఆ కెమెరా లేకుండానే చేశాను, ఈమధ్య కొన్నేళ్లుగా దాంతో కూడా చేస్తున్నాను. ఆ కెమెరా అంటే నాకు గౌరవం ఉంది. అయితే అది ఏ ప్రమాదం నుంచి కాపాడుతుంది, ఏ ప్రమాదం నుంచి కాపాడదు అన్నది రోగుల ఇంట్లోవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పడం లేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

థైరాయిడ్ వెనక వైపు అతుక్కుని సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. పారాథైరాయిడ్ అంటే ఇవే. ఒక్కొక్కటి కందిపప్పు బద్దంత. బరువు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. పేరులో థైరాయిడ్ అని ఉందిగానీ థైరాయిడ్ చేసే పనితో వీటికి సంబంధం లేదు. రక్తంలో కాల్షియంను డెసీలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలబెట్టడం వీటి పని. కాల్షియం కాస్త తగ్గగానే ఇవి హార్మోన్ వదులుతాయి. ఆ హార్మోన్ ఎముకల నుంచి కొంత కాల్షియం లాగుతుంది, మూత్రంలో పోయేదాన్ని ఆపుతుంది, విటమిన్ డీని చురుకు చేసి పేగుల నుంచి మరికొంత రప్పిస్తుంది. గుండె కొట్టుకోవడానికీ, కండరాలు బిగుసుకుని మళ్లీ వదులవడానికీ ఆ కాల్షియమే ఆధారం.

ఇంత చిన్నవి కావడంతో వైద్యులకు కూడా ఇవి చాలా ఆలస్యంగా తెలిశాయి. 1850 ప్రాంతంలో లండన్ జూలో చనిపోయిన మన దేశపు ఖడ్గమృగాన్ని కోసి పరీక్షిస్తూ రిచర్డ్ ఓవెన్ వీటిని గమనించారు. మనుషుల్లో వీటిని వర్ణిస్తూ 1880లో రాసింది స్వీడన్‌లోని ఉప్సాలాలో వైద్యం చదువుతున్న ఐవార్ శాండ్‌స్ట్రోమ్ అనే విద్యార్థి.

ఆపరేషన్‌లో వీటిని గుర్తుపట్టడం ఎందుకు కష్టమో చెబుతాను. వీటి రంగు పసుపు కలిసిన గోధుమ రంగు, ముదురు బెల్లం ఛాయ. చుట్టూ ఉండే కొవ్వు పసుపు. పక్కనే లింఫ్ గ్రంథులు బూడిద రంగులో ఉంటాయి. థైరాయిడ్ నుంచి పొడుచుకొచ్చిన చిన్న చిన్న గడ్డలు ఎర్రగా ఉంటాయి. పుస్తకంలో బొమ్మ చూస్తే దేనికదే విడిగా కనిపిస్తుంది. మెడ తెరిచాక రెండు చుక్కల నెత్తురు పడితే చాలు, అన్నీ ఒకే రంగులోకి వచ్చేస్తాయి. పై రెండు గ్రంథులు కొంత నమ్మకంగా ఒకే చోట ఉంటాయి. గొంతు నరమూ ధమనీ ఒకదాన్నొకటి దాటే చోటుకు ఒక సెంటీమీటరు పైన వెతుకుతాం. కింది రెండూ అలా కాదు. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడే అవి ఛాతీ పైభాగానికి చేరే థైమస్ అనే గ్రంథితో కలిసి కిందికి దిగుతాయి. ఆ దారిలో ఎక్కడైనా ఆగిపోవచ్చు, ఛాతీ లోపలికి కూడా జారిపోవచ్చు. కొందరికి మూడే దొరుకుతాయి, కొందరికి అయిదు ఉంటాయి.

ఇవి పాడయ్యే దారులు రెండు. ఒకటి, గుర్తుపట్టక థైరాయిడ్‌తో పాటు కోసి తీసేయడం. రెండోది, గ్రంథిని గుర్తుపట్టి దాని చోట దాన్ని వదిలేసినా, దానికి నెత్తురు తెచ్చే వెంట్రుకంత నాళం తెగిపోవడం, నలిగిపోవడం, నెత్తురు ఆపడానికి వాడే కాటరీ అనే కరెంటు పరికరం వేడికి కాలిపోవడం. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. మీ బంధువు చెప్పిన కెమెరా మొదటి దారికి అడ్డం నిలబడుతుంది. రెండో దారిలో దాని సాయం తక్కువ.

మొదటి దారిలో ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. సర్జన్‌గా నా తొలి ఏళ్లలో ఉదయగిరి వైపు పల్లె నుంచి 34 ఏళ్ల ఆమె ఒకరు వచ్చారు. థైరాయిడ్ మొత్తం తీశాం. నెత్తురు పెద్దగా పోలేదు, గొంతు బాగుంది, రెండో రోజు ఇంటికి పంపేశాం. మూడో రోజు రాత్రి భర్త ఆమెను చేతుల మీద మోసుకొచ్చాడు. వేళ్లు కొంకర్లు పోయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి, మూతి చుట్టూ తిమ్మిరి పట్టి మాట సరిగా రావడం లేదు. కాల్షియం 6.1 ఉంది. కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి నిదానంగా ఎక్కిస్తుంటే కాసేపటికి వేళ్లు విచ్చుకున్నాయి. వారం తర్వాత బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. తీసిన థైరాయిడ్ వెనక రెండు పారాథైరాయిడ్ గ్రంథులు అతుక్కుని ఉన్నాయని అందులో రాశారు. వాటిని తీసింది నా చెయ్యే. మిగిలిన రెండూ కోలుకోలేదు. ఆమె ఈరోజుకీ కాల్షియం, కాల్సిట్రియాల్ (చురుకైన విటమిన్ డీ) మాత్రల మీదే ఉన్నారు. పండక్కి పుట్టింటికి వెళ్లినా సంచిలో మాత్రల డబ్బా ఉండాల్సిందే. మంచి కళ్లద్దాలు పెట్టుకుని, మంచి లైటు కింద, తొందరపడకుండా చేసిన ఆపరేషన్ అది. అయినా కన్ను పట్టుకోలేకపోయింది.

అందుకే ఈ లైటు సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంతో ఆశ కలిగింది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో అనితా మహదేవన్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని కనిపెట్టింది. ఆమె బొంబాయి విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివి వెళ్లినవారు. మెడలోని కణజాలాల మీద 785 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లైటు వేసి చూస్తే పారాథైరాయిడ్ దానంతట అదే 820, 830 ప్రాంతంలో వెలుగును తిరిగి పంపుతోందని వాళ్లు 2011లో ప్రచురించారు. పక్కనున్న థైరాయిడ్ కూడా కొంచెం వెలుగుతుంది. పారాథైరాయిడ్ దానికంటే రెండింతల నుంచి పదకొండింతల దాకా ఎక్కువ వెలిగింది. ఏ మందూ ఎక్కించలేదు, ఏ రంగూ పూయలేదు. గ్రంథిలోనే ఉన్న ఏదో పదార్థం వల్ల వచ్చే వెలుగు అది. ఆ పదార్థం ఏమిటన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు.

ఈ వెలుగు మన కంటికి కనబడదు. 700 నానోమీటర్లు దాటితే మన చూపు దాదాపు ఆగిపోతుంది. ఇంట్లో టీవీ రిమోట్ తీసుకోండి. బటన్ నొక్కుతూ దాని ముందున్న చిన్న బల్బును ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి. కంటికి ఏమీ కనిపించదు, ఫోన్‌లో మాత్రం చాలావాటిలో తెల్లగా మినుకుమంటుంది. ఇక్కడ జరిగేది కూడా దాదాపు ఇదే. కంటికి అందని వెలుగును పట్టుకునే కెమెరా ఒకటి కావాలి, లోపలికి పంపిన 785 లైటును వడగట్టేసి గ్రంథి నుంచి వచ్చేదాన్ని మాత్రమే చూపించే ఫిల్టర్ ఒకటి కావాలి. ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఇందులో లేదు. మెడలో ఎన్నిసార్లు వేసి చూసినా కణజాలానికి హాని లేదు.

2018 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనే మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఇలాంటి రెండు పరికరాలకు అనుమతి ఇచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్లూఓబీమ్ కెమెరా రకం. దాన్ని మెడ మీద కొంచెం ఎత్తులో పట్టుకుంటే ఎదురుగా స్క్రీన్ మీద మొత్తం దృశ్యం నలుపు తెలుపులో కనిపిస్తుంది. పీటీఐ అనేది పెన్ను రకం. ముందు థైరాయిడ్ మీద కొన్ని చోట్ల ఆనించి దాని వెలుగు ఎంతో లెక్క తీసుకుంటారు. తర్వాత అనుమానం ఉన్న చోట ఆనిస్తే, ఆ లెక్కకంటే ఎక్కువ వచ్చినప్పుడు శబ్దం చేసి చెబుతుంది. కెమెరాకు థియేటర్ లైట్లు ఆర్పాలి, పెన్నుకు అక్కర్లేదు. కెమెరా చూడాల్సిన చోటు ఎక్కడో చెబుతుంది, పెన్ను మాత్రం సర్జన్ చూపించిన చోటు గురించే చెబుతుంది.

మొదటిసారి కెమెరాతో చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. థైరాయిడ్ ఎడమ భాగాన్ని పక్కకు తిప్పాక పెద్ద లైట్లు ఆర్పించాను. స్క్రీన్ మీద అంతా మసక బూడిద రంగు. అందులో ఒక మూల చిన్న తెల్లటి చుక్క. లైట్లు వేసి అక్కడే చూస్తే కొవ్వు తప్ప నాకేమీ కనబడలేదు. మళ్లీ ఆర్పి చూశాను, చుక్క అక్కడే ఉంది. సన్నని పొర విప్పాక గ్రంథి బయటపడింది. ఉదయగిరి ఆమె ఆ రోజు నా మనసులోంచి కదల్లేదు.

ఇంకొక ఉపయోగం నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. నెత్తురు ఆగిపోయినా ఈ వెలుగు ఆగదు. అంటే కోసి బయటికి తీసిన థైరాయిడ్‌ను ట్రేలో పెట్టి, వెనక్కి తిప్పి కెమెరాతో చూస్తే, పొరపాటున దాంతో వచ్చేసిన పారాథైరాయిడ్ అక్కడ కూడా మెరుస్తుంది. అప్పుడు దాన్ని విడదీసి, అది పారాథైరాయిడేనని ఒక చిన్న ముక్కతో నిర్ధారించుకుని, మిగతాదాన్ని ఒక మిల్లీమీటరు ముక్కలుగా తరిగి మెడ కండరంలో చిన్న జేబులా చేసి అందులో పెట్టేస్తాం. కొన్ని వారాల్లో కొత్త రక్తనాళాలు వచ్చి అవి మళ్లీ హార్మోన్ ఇవ్వడం మొదలుపెడతాయి. కెమెరా వచ్చాక నేను ఇలా కాపాడిన గ్రంథులు ఉన్నాయి. అవి బయాప్సీ సీసాలో పోవాల్సినవి.

ఇప్పుడు అది చేయలేని పనుల సంగతి.

నెత్తురు ఆగినా వెలుగుతుందని చెప్పాను కదా, అదే దాని లోపం కూడా. చచ్చిపోయిన గ్రంథి, బతికున్న గ్రంథి రెండూ ఒకేలా మెరుస్తాయి. స్క్రీన్ మీద నాలుగు చుక్కలూ చక్కగా కనిపించి, సర్జన్ సంతోషంగా మెడ మూసేసి, మర్నాటికి కాల్షియం పడిపోయిన సందర్భాలు ఉంటాయి. గ్రంథి ఉంది, దానికి నెత్తురు అందడం లేదు.

దాన్ని చూడాలంటే వేరే లైటు పద్ధతి ఉంది. ఐసీజీ అని ఆకుపచ్చ మందు. కంటి రెటీనా పరీక్షల్లో చాలా ఏళ్లుగా వాడుతున్నదే. నరంలోకి ఎక్కించిన ఒకటి రెండు నిమిషాల్లో నెత్తురు పారే చోటల్లా వెలుగుతుంది. పారాథైరాయిడ్ బాగా వెలిగితే దానికి రక్తం అందుతున్నట్టే. జెనీవాలోని సర్జన్లు దీని మీద చాలా పని చేశారు. ఒక్క గ్రంథి అయినా ఐసీజీలో బాగా వెలిగితే ఆ రోగికి తర్వాత కాల్షియం మాత్రల అవసరం ఉండదని 2018లో చూపించారు. ఐసీజీలో అయోడిన్ ఉంటుంది కాబట్టి అయోడిన్ అలర్జీ ఉన్నవాళ్లకు వాడరు. వరస కూడా ముఖ్యం. ముందు మందు లేకుండా గ్రంథి సొంత వెలుగు చూసుకోవాలి, ఆ తర్వాతే ఐసీజీ ఎక్కించాలి. మందు ఎక్కించాక థైరాయిడ్‌తో సహా అంతా భగ్గున వెలిగిపోయి ఆ సన్నని సొంత వెలుగు దానిలో కలిసిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గాల్ బ్లాడర్ లాంటి ల్యాప్రోస్కోపిక్ ఆపరేషన్లకు ఐసీజీ కెమెరాలు కొన్న ఆస్పత్రులు ఉంటాయి. "మా దగ్గర కూడా లైటు ఉంది" అని వాళ్లు అనొచ్చు. ఆ కెమెరాల్లో చాలావాటికి పారాథైరాయిడ్ సొంత వెలుగును పట్టుకునేంత సున్నితత్వం ఉండదు. కాబట్టి, "మందు ఎక్కించకుండా చూపించేదా, ఎక్కిస్తేనే చూపించేదా" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే తీరులోనే వాళ్లకు దాని మీద ఎంత పట్టు ఉందో మీకు తెలిసిపోతుంది.

రెండో లోపం లోతు. ఈ వెలుగు కొద్ది మిల్లీమీటర్ల లోపలి నుంచే బయటికి రాగలదు. గ్రంథి మీద మందమైన కొవ్వు గానీ, గడ్డకట్టిన నెత్తురు గానీ ఉంటే చుక్క కనబడదు. కనబడలేదు కాబట్టి అక్కడ గ్రంథి లేదని అనుకోకూడదు. ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచు చేసే పొరపాటు. మా పీజీ విద్యార్థులకు నేను పదే పదే చెప్పేది ఒకటే: ముందు చేత్తో, కంటితో గ్రంథి దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాత లైటును అడగండి.

మూడోది, గ్రంథి కానివి కూడా వెలుగుతాయి. థైరాయిడ్‌లో జిగురులాంటి కొల్లాయిడ్ నిండిన గడ్డలు, బ్రౌన్ ఫ్యాట్ అనే ఒక రకం కొవ్వు, కాటరీకి కాలిన అంచులు నన్ను చాలాసార్లు తికమక పెట్టాయి. అలాంటప్పుడు పాత పద్ధతులే దిక్కు. అనుమానం ఉన్న ముక్కను సెలైన్‌లో వేస్తే కొవ్వు తేలుతుంది, పారాథైరాయిడ్ మునుగుతుంది. అప్పటికీ తేలకపోతే చిన్న తునక ఫ్రోజెన్ సెక్షన్‌కు పంపి, పాథాలజిస్ట్ మైక్రోస్కోప్ కింద చూసి చెప్పేదాకా ఆగుతాం.

మరి దీనివల్ల రోగికి నిజంగా ఎంత మేలు? ఫ్రాన్స్‌లో 241 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు కెమెరాతో, ఇంకొక గుంపుకు మామూలుగా థైరాయిడ్ మొత్తం తీశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ తర్వాత కాల్షియం పడిపోయినవాళ్లు కెమెరా గుంపులో 9.1 శాతం, రెండో గుంపులో 21.7 శాతం. పొరపాటున గ్రంథి తీసేయడం 11.7 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గింది. అర్జెంటీనాలో 170 మందితో చేసిన పరీక్షలో కూడా కాల్షియం పడిపోవడం 16.5 నుంచి 8.2 శాతానికి దిగింది. ఇవి మంచి ఫలితాలు. నా అనుభవం కూడా అటే మొగ్గుతుంది.

అయితే ఈ అంకెలు చెబుతున్నది తాత్కాలికంగా పడిపోవడం గురించి. అది కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. మీ బంధువు భయపెట్టింది జన్మంతా మాత్రలు మింగే శాశ్వత లోపం గురించి. అనుభవం ఉన్న చేతుల్లో అది నూటికి ఒకరు, ఇద్దరు, ముగ్గురికి వచ్చేది. కెమెరా దాన్ని తగ్గిస్తుందని గట్టిగా రుజువు కాలేదు. అంత అరుదైనదాన్ని తేల్చాలంటే వేల మంది మీద పరీక్ష చేయాలి. కాబట్టి "కెమెరా లేకపోతే జన్మంతా మాత్రలే" అన్న మాట నిజం కాదు. అమ్మగారికి ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పండి. ఆమె రాత్రిళ్లు నిద్రపోవాలి.

సర్జన్ చెయ్యి ఎంత ముఖ్యమో చెప్పే లెక్క మాత్రం ఉంది. అమెరికాలో దాదాపు 17,000 మంది రోగులను చూసి 2017లో రాసిన పరిశోధనలో, ఏడాదికి 25కు మించి థైరాయిడ్లు తీసే సర్జన్ల దగ్గర ఇబ్బందులు తక్కువ వచ్చాయని తేలింది. అందుకే మొదట్లోనే ఆ ప్రశ్న అడగమన్నాను. మన జిల్లాల్లో డాక్టర్‌ను అలా అడగడానికి మొహమాటపడతారు. మొహమాటం అక్కర్లేదు. "సార్, నెలకు ఎన్ని చేస్తుంటారు, పారాథైరాయిడ్‌ను ఎలా కాపాడతారు" అని మర్యాదగా అడిగితే ఏ మంచి సర్జనూ నొచ్చుకోరు. నన్ను అడిగితే నాకు సంతోషమే.

కెమెరా నిజంగా తేడా చూపించే రోగులు కొందరు ఉన్నారు, వాళ్లకు వేరే సలహా ఇస్తాను. ఒకసారి థైరాయిడ్ ఆపరేషన్ అయి, మచ్చ కట్టిన మెడను మళ్లీ తెరవాల్సి వచ్చినవాళ్లు, క్యాన్సర్ వల్ల థైరాయిడ్‌తో పాటు మధ్య మెడలోని లింఫ్ గ్రంథులన్నీ తీయించుకోవాల్సినవాళ్లు వాళ్లలో ముఖ్యులు. వీళ్లకు పారాథైరాయిడ్ పోయే ప్రమాదం చాలా ఎక్కువ. వీలుంటే ఎండోక్రైన్ సర్జరీకి, అంటే హార్మోన్ గ్రంథుల ఆపరేషన్లకు ప్రత్యేక విభాగం ఉన్న చోటుకు వెళ్లమంటాను. మనకు దగ్గర్లో వెల్లూరు సీఎంసీలో అలాంటి విభాగం ఉంది. మీ అమ్మగారిది మొదటి ఆపరేషన్, మీరు రాసినదాన్ని బట్టి క్యాన్సర్ కాని గడ్డలు. ఆ జాబితాలోకి రారు.

పారాథైరాయిడ్ గ్రంథికే గడ్డ వచ్చి కాల్షియం పెరిగిపోయే జబ్బు ఇంకొకటి ఉంది. దాని ఆపరేషన్‌లోనూ ఈ లైటు వాడతారు, కానీ పెరిగిన గడ్డ ఆరోగ్యమైన గ్రంథి అంత బాగా మెరవదు. వెలుగు మచ్చలు మచ్చలుగా, మసగ్గా వస్తుంది. పక్కకు నొక్కుకుపోయి మిగిలిన మామూలు గ్రంథి అంచు మాత్రం టోపీలా తెల్లగా కనిపిస్తుంది. ప్రకాశం వైపువాళ్లకు ఈ జబ్బు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి ఎముకల నొప్పులు అని ఎవరు వచ్చినా ఇంట్లోవాళ్లూ, కొన్నిసార్లు డాక్టర్లూ కూడా "ఫ్లోరైడ్ నీళ్లు" అని వదిలేస్తారు. చాలామందికి అది నిజమే. కానీ ఎముకల నొప్పులతో పాటు కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వస్తుంటే, చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంటే, రక్తంలో కాల్షియం ఒకసారి చూపించండి. ఏ ఊరి ల్యాబ్‌లోనైనా చేసే చవకైన పరీక్ష. అది ఎక్కువ వస్తే పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూడాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ అనుకుని నొప్పుల మాత్రలు వేసుకున్నవాళ్లలో ఈ గడ్డ బయటపడటం నేను చూశాను.

ఇక అమ్మగారి సంగతికి వస్తాను. కెమెరా వెతకడానికి పెట్టే శ్రమను ఈ పనుల మీద పెట్టండి. ఆపరేషన్‌కు ముందే విటమిన్ డీ, కాల్షియం పరీక్షలు చేయించండి. ఎండలకు పేరుపడ్డ నెల్లూరులో కూడా ఆడవాళ్లలో విటమిన్ డీ తక్కువ ఉన్నవాళ్లనే నేను ఎక్కువగా చూస్తున్నాను. తక్కువ ఉంటే ఇప్పుడే మొదలుపెట్టి సరిచేసుకోవచ్చు. విటమిన్ డీ నిండుగా ఉన్న మనిషి ఆపరేషన్ తర్వాత వచ్చే కాల్షియం తగ్గుదలను బాగా తట్టుకుంటారు. డబ్బు ఇబ్బంది ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడగండి. అడ్మిట్ అయ్యే రోజు దాకా ఆగకుండా ముందే కనుక్కోండి.

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రం గానీ, మర్నాడు పొద్దున గానీ పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష చేస్తారా అని అడగండి. కాల్షియం పడిపోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ హార్మోన్ మాత్రం నిమిషాల్లోనే పడిపోతుంది. అంటే కాల్షియం ఎటు పోబోతోందో ముందే చెప్పే పరీక్ష అది. అది బాగుంటే ధైర్యంగా ఇంటికి వెళ్లొచ్చు. తక్కువ ఉంటే కాల్షియం, కాల్సిట్రియాల్ అప్పుడే మొదలుపెడతారు, వేళ్లు కొంకర్లు పోయేదాకా ఆగక్కర్లేదు.

ఇంటికి వెళ్లాక మొదటి నాలుగు రోజులు కళ్లు తెరుచుకుని ఉండండి. మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి వస్తే అది మొదటి గుర్తు. పిక్కలు పట్టేయడం, చేతులు ముడుచుకుపోవడం తర్వాత వస్తాయి. తిమ్మిరి దగ్గరే ఆస్పత్రికి ఫోన్ చేయండి. "ఆపరేషన్ అయింది కదా, నీరసం" అని ఎవరైనా అంటే వినొద్దు. డిశ్చార్జ్ కాగితం మీద రాత్రిపూట పనిచేసే ఫోన్ నంబర్ రాయించుకోండి. కావలి నుంచి నెల్లూరుకు రాత్రి బయల్దేరాల్సి వచ్చినా బయల్దేరండి. మరీ ఇబ్బందిగా ఉంటే ముందు కావలిలోనే దగ్గరున్న ఆస్పత్రిలో కాల్షియం ఇంజెక్షన్ చేయించుకుని రండి. ఆ ఇంజెక్షన్ గుండె వేగం గమనిస్తూ నిదానంగా ఎక్కించాలి, గబగబా తోసేది కాదు.

మాత్రల విషయంలో ఒక పొరపాటు దాదాపు ప్రతి ఇంట్లోనూ చూస్తాను. థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ పొద్దున్నే కలిపి వేసేస్తారు. కాల్షియం ఆ థైరాయిడ్ మాత్రను పేగుల్లోనే పట్టేసుకుంటుంది, ఒంట్లోకి పోనివ్వదు. థైరాయిడ్ మాత్ర తెల్లవారి పరగడుపున వేయండి, కాల్షియంకు కనీసం నాలుగు గంటల ఎడం ఇవ్వండి. మామూలు కాల్షియం కార్బొనేట్ మాత్రలు అన్నంతో పాటు వేసుకుంటే బాగా పడతాయి. గ్యాస్ మాత్ర రోజూ వేసుకునే అలవాటు అమ్మగారికి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. దానివల్ల కాల్షియం సరిగా పట్టదు, వేరే రకం మాత్ర రాస్తారు.

బయాప్సీ రిపోర్ట్ వచ్చాక అది క్యాన్సర్ కాదన్న లైను చూసి మడిచి బీరువాలో పెట్టేయకండి. మొత్తం చదవండి, లేదా డాక్టర్‌తో చదివించుకోండి. అందులో ఎక్కడైనా పారాథైరాయిడ్ అన్న మాట కనిపిస్తే ఒక గ్రంథి వచ్చేసినట్టు. మిగతా మూడూ బాగుంటే దానివల్ల నష్టం ఉండదు, కానీ అమ్మగారికి తిమ్మిర్లు లేకపోయినా ఆరు నెలల దాకా మీ సర్జన్ చెప్పిన తేదీలకు కాల్షియం పరీక్ష మానకుండా చేయించండి.